అంజీర ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి, రెండు మొక్కలకీ – ఏం తెగులో కాస్త చెప్పండి

మిద్దెమీద_సిరి
సెప్టెంబర్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్తే అండి. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. మాది హైదరాబాద్ నిజాంపేట, మూడంతస్తుల పైన మిద్దె తోట. రెండు అంజీర మొక్కలున్నాయి, రెండూ పూణె రకమే అని ఇచ్చారు, రెండేళ్ల కింద ఒకే రోజు ఒకే నర్సరీలో కొన్నా. ఒకటి అడ్డంగా కోసిన నీలం డ్రమ్ములో ఉంది, ఇంకోటి పెద్ద గ్రోబ్యాగ్ లో. మొన్న ఎండాకాలం డ్రమ్ములోది ముప్పై కాయల దాకా ఇచ్చింది, మా మామగారు షుగర్ ఉన్నా ఆగలేక సగం ఆయనే తినేశారు. ఇప్పుడు వానలు మొదలైన దగ్గర్నుంచి రెండిటికీ ఆకులు పసుపు రంగుకి తిరుగుతున్నాయి, గోధుమ రంగు చుక్కలు వస్తున్నాయి, పొద్దున్నే పైకెళ్తే పది పదిహేను ఆకులు రాలి ఉంటున్నాయి. ఫోటోలు పెట్టా చూడండి. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం ఉప్పు) వెయ్యమని యూట్యూబ్ లో చూసి రెండుసార్లు వేశా, ఇంకా ఎక్కువైంది తప్ప తగ్గలేదు. నీళ్లు రోజూ పోస్తున్నా. ఏం చెయ్యాలో చెప్పండి ప్లీజ్.

వేపకషాయం
సెప్టెంబర్ 9, రాత్రి 9:52

పుల్ల మజ్జిగ. వారం పులిసిన మజ్జిగ లీటరు, పది లీటర్ల నీళ్లలో, కాస్త ఇంగువ. వారం వారం కొట్టండి. మా ఇంట్లో అన్నిటికీ ఇదే.

పాలమూరు_పోరడు
సెప్టెంబర్ 9, రాత్రి 10:05

అక్కా గది మెగ్నీషియం గాదు, నత్రజని తక్కువైంది. వానలకు కుండీలకెళ్లి బలమంతా కొట్టుకపోతది కదా. నాకు గూడ గట్లనే అయితే యూరియా ఒక చెంచాడు ఏసిన, వారంల పచ్చగైంది. జర ఏసి చూడు.

విశాఖ_పెరడు
సెప్టెంబర్ 9, రాత్రి 10:31

వానాకాలంలో రోజూ నీళ్లు ఎందుకమ్మా పోస్తున్నావు? వేళ్లు కుళ్లుతున్నాయేమో. రెండు అంగుళాలు వేలు పెట్టి చూడు, తడి ఉంటే పొయ్యకు. మా ఇంట్లో నందివర్ధనం ఇలాగే పోయింది.

మిద్దెమీద_సిరి
సెప్టెంబర్ 9, రాత్రి 11:02

నలుగురు నాలుగు చెప్తున్నారు, నాకైతే అన్నీ నిజమే అనిపిస్తున్నాయి 😅 రేపు పొద్దున యూరియా వేసి మజ్జిగ కొట్టి నీళ్లు ఆపేస్తే ఏదో ఒకటి పని చేస్తుంది కదా?

మట్టిమాస్టారు
సెప్టెంబర్ 10, ఉదయం 5:48

సిరి గారూ, ఆగండి. ఎవరు చెప్పిందీ వెయ్యకండి, నేను చెప్పబోయేది కూడా ఇప్పుడే వెయ్యకండి. అన్నీ కలిపి వేస్తే తగ్గినా దేనికి తగ్గిందో తెలీదు, పెరిగినా దేనికి పెరిగిందో తెలీదు. ఆకు పసుపెక్కడం అంటే ఒంటికి జ్వరం రావడమే, మలేరియానా టైఫాయిడా అన్నది జ్వరం చూసి చెప్పలేం కదా.

మీ ఫోటోలన్నీ ఆకు పైభాగానివే. అంజీర విషయంలో అసలు సంగతి అడుగునే ఉంటుంది. మేడి జాతిదే కదా, పైపైన చూస్తే మోసపోతాం. ఈ పూట వెలుతురు రాగానే పైకెళ్లి ఒక పని చెయ్యండి. మచ్చలున్న ఆకుని తిప్పండి, అడుగు భాగాన్ని తెల్ల రుమాలుతో గానీ దూదితో గానీ గట్టిగా ఒకసారి తుడిచి రుమాలు ఏ రంగయిందో చెప్పండి. అంజీర ఆకు గరుకుగా ఉప్పు కాగితంలా ఉంటుంది, దుమ్ము ఎలాగూ పడుతుంది, ఆ బూడిద రంగు వేరు, నేనడిగేది వేరు. రెండోది, ముందు పసుపెక్కింది అడుగున ఉన్న ముదురు ఆకులా, కొసన ఉన్న లేత ఆకులా? మూడోది, ఆకంతా ఒకే తీరుగా పాలిపోయిందా, లేక ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కిందా? ముఖ్యంగా రెండు మొక్కలకీ విడివిడిగా చెప్పండి. ఒకే రోజు కొన్నారు కాబట్టి ఒకే జబ్బు వచ్చి ఉండాలని ఏం లేదు.

మిద్దెమీద_సిరి
సెప్టెంబర్ 10, ఉదయం 7:15

మాస్టారూ!! డ్రమ్ములో మొక్క ఆకు తిప్పితే అడుగునంతా చిన్న చిన్న పొక్కులు, సూది మొనంత, నారింజ గోధుమ మధ్య రంగు. మావారి తెల్ల రుమాలుతో తుడిస్తే ఇనప గేటు తుప్పు అంటుకున్నట్టు మరక, వేలికి కూడా పౌడర్ లా అంటుకుంది. పైన చుక్క ఎక్కడుందో సరిగ్గా దాని కిందే పొక్కు ఉంది. అడుగు ఆకుల్లో ఎక్కువ, కొసన రెండు మూడు ఆకులు బాగానే ఉన్నాయి.

గ్రోబ్యాగ్ మొక్కకి చూస్తే రెండు మూడు ఆకులకే పొక్కులున్నాయి అదీ డ్రమ్ము వైపు కొమ్మకే. మిగతా ఆకులు అడుగున శుభ్రంగా ఉన్నా పసుపు మాత్రం దీనికే ఎక్కువ. మచ్చల్లేకుండా ఆకంతా పాలిపోయినట్టు ఉంది. ఆకులు కూడా చిన్నవి, డ్రమ్ము దాని ఆకు నా అరచెయ్యంత ఉంటే దీని ఆకు మా బాబు అరచెయ్యంతే. ఇప్పటిదాకా రెండూ ఒకటే అనుకున్నా.

మట్టిమాస్టారు
సెప్టెంబర్ 10, ఉదయం 8:20

డ్రమ్ములో మొక్కది తుప్పు తెగులు, అనుమానమే లేదు. సెరోటీలియం ఫిసి అనే శిలీంద్రం. అంజీరకి మన దేశంలో ప్రధానమైన ఆకు తెగులు ఇదే, పూణె దగ్గర పురందర్ వైపు అంజీర రైతులు వానాకాలం పంటలో దీంతోనే తంటాలు పడతారు. ఆకు మీద తడి గంటల తరబడి నిలిస్తే మొలకెత్తుతుంది, ఆ పొడి గాలికి పక్క ఆకుకి, పక్క కుండీకి పోతుంది. వేసవిలో కనపడదు, వానలతో మొదలై చలి దాకా ఉంటుంది. చెట్టుని చంపదు గానీ ఆకంతా రాల్చేస్తే ఉన్న కాయ ఊరదు, చప్పగా గిడసబారి రాలిపోతుంది.

పచ్చి నిజం ఏంటంటే మచ్చ పడిన ఆకు మళ్లీ పచ్చబడదు. మనం కాపాడేది ఇంకా పట్టని ఆకుని. అందుకని ముందు రాలిన ఆకులన్నీ ఏరెయ్యండి, చెట్టు మీద సగానికి మించి మచ్చలున్నవీ తుంచెయ్యండి. కంపోస్టు డబ్బాలో మాత్రం వెయ్యకండి, సంచిలో కట్టి చెత్తబండికి ఇచ్చెయ్యండి. తర్వాత వాన లేని రోజు చూసి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు, ఆకు అడుగు తడిచేలా కొట్టండి. పైన కొడితే మీకు తృప్తి, తెగులుకి పండగ. 15 రోజులకి ఇంకోసారి. నీళ్లు మొదట్లోనే పొయ్యండి, పైనుంచి షవర్ వద్దు.

ఎప్సమ్ సాల్ట్ ఆపెయ్యండి. మెగ్నీషియం తక్కువైతే ముదురు ఆకుల్లో ఈనెల మధ్య పసుపెక్కుతుంది, మీకది లేదు. ఉన్నదానికి తోడు కుండీలో ఉప్పు పోగేసుకోవడమే.

గ్రోబ్యాగ్ మొక్క సంగతి వేరే, దానికి తుప్పు చుట్టంచూపుగా వచ్చింది. ఆ సంచిలో ఇంతకు ముందు ఏం పెంచారు? మధ్యాహ్నం ఎండకి ఆకులు వాలుతున్నాయా?

వేపకషాయం
సెప్టెంబర్ 10, ఉదయం 9:10

తినే కాయల మీద కాపర్ ఏంటి సార్, మిద్దె తోట పెట్టుకునేదే మందులు వద్దని కదా. మజ్జిగతో తగ్గేదానికి షాపు మందులు ఎందుకు.

మట్టిమాస్టారు
సెప్టెంబర్ 10, ఉదయం 9:45

మీ బాధ నాకూ ఉంది. కాకపోతే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపిన బోర్డో మిశ్రమం 1880ల్లో ఫ్రాన్స్ ద్రాక్ష తోటల్లో పుట్టింది, ఇవాళ్టికీ సేంద్రియ సాగులో దాన్నీ గంధకాన్నీ పరిమితంగా ఒప్పుకుంటారు. షాపు మందు వద్దంటే బోర్డో ఇంట్లోనే చేసుకోవచ్చు. మైలుతుత్తం 10 గ్రాములు అర లీటరు నీళ్లలో, పొడి సున్నం 10 గ్రాములు ఇంకో అర లీటరులో, రెండూ ప్లాస్టిక్ బకెట్లలోనే, తుత్తం నీళ్లని సున్నం నీళ్లలోకి మెల్లగా పోస్తూ కలపాలి. ఇనుప మేకు ఒకటి అందులో నిమిషం ముంచి తీస్తే మేకుకి ఎర్రగా రాగి పూత పట్టకూడదు, పడితే సున్నం చాల్లేదన్నమాట, ఇంకాస్త కలపాలి, లేకపోతే ఆకులు మాడతాయి. కలిపిన రోజే కొట్టెయ్యాలి. మజ్జిగ కొడితే పోయేదేం లేదు గానీ ఇంతగా ముదిరిన తుప్పుకి దాని మీద ఆధారపడమని నేను చెప్పను.

పాలమూరు_పోరడు
సెప్టెంబర్ 10, ఉదయం 10:12

నేనిట్ల యూరియా ఎయ్యమంటి, అక్క ఏసుంటే ఇంకింత లేతాకు వచ్చి తుప్పుకు దావతయ్యేది 🙏 సారీ అక్కా.

రాయదుర్గం_తోట
సెప్టెంబర్ 10, మధ్యాహ్నం 1:30

మాస్టారూ మధ్యలో దూరినానని ఏమనుకోవద్దు, నాది కూడా అంజూరే కాబట్టి ఈడనే అడుగుతా. మాది రాయదుర్గం కాడ, రెండెకరాలు, పెట్టి 14 నెలలయింది, డ్రిప్పు. నా చెట్లకి అడుగాకులు నల్లగా నిగనిగలాడుతాండాయి, కొసన వచ్చే కొత్తాకు మాత్రం నిమ్మపండు రంగులో వస్తాంది. ఈనెలు చూస్తే పెన్నుతో గీసినట్టు పచ్చగా కనపడతాయి. బాగా ముదిరిన చెట్లకయితే కొసాకు తెల్లగా కాగితం మాదిరి అయి అంచులు మాడతాండాయి. తోటంతా లేదు, తూర్పు పక్క ఒక ముక్కలోనే, ఆడ దున్నితే తెల్ల సుద్ద గడ్డలు పైకొస్తాయి. అంగట్లో అడిగితే 19:19:19 ఎరువు ఇచ్చినారు, ఇంకోసారి పోతే ఏదో వైరస్ అని ఇంకో డబ్బా ఇచ్చినారు. నాలుగు వేలు పాయె, ఆకు రంగు అట్లే ఉండాది. ఆకు తిప్పి గుడ్డతో తుడిచినా, పొడి ఏం రాలే.

మట్టిమాస్టారు
సెప్టెంబర్ 10, మధ్యాహ్నం 3:05

మీరు సగం వైద్యం మీరే చేసేశారు. లేతాకు ముందు, ఈనె పచ్చ మధ్య పసుపు, సుద్ద గడ్డలున్న ముక్కలోనే. ఇది ఇనుప ధాతు లోపం. శనక్కాయ చేలో తెల్లాకు పడుతుందే, మీ జిల్లాలో చూడనివాళ్లుండరు, అదే ఇది. ఇనుము చెట్టులో ఒకసారి ఒక ఆకులో చేరితే మళ్లీ కదలదు, అందుకే లోపం కొత్తాకులో కనపడుతుంది. నత్రజని, మెగ్నీషియం అలా కాదు, తక్కువైనప్పుడు చెట్టు ముదురాకులోంచి లాగి లేతాకుకి పంపిస్తుంది, అందుకే అవి అడుగున కనపడతాయి.

మీ నేలలో ఇనుము లేక కాదు, సున్నం దాన్ని కట్టేసింది. ఆ ముక్కలోంచి ఒక గడ్డ తెచ్చి నిమ్మకాయ పిండి చూడండి, బుసబుసమని నురగ వస్తే సున్నపు నేల. బోరు నీళ్లు కూడా ఒకసారి పరీక్షకి ఇవ్వండి, డ్రిప్పర్ల మూతుల దగ్గర తెల్లగా పెచ్చు కడుతుంటే నీళ్లలోనూ అదే ఉంది.

డబ్బు పెట్టేముందు ఒక చెట్టు మీద చూసుకోండి. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుప లవణం) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆసిడ్) 1 గ్రాము లీటరు నీళ్లలో అప్పటికప్పుడు కలిపి, సాయంత్రం పూట, ఒక్క చెట్టుకి కొసాకులు తడిసేలా కొట్టండి. వారంలో సంగతి తేలిపోతుంది.

రాయదుర్గం_తోట
సెప్టెంబర్ 10, రాత్రి 8:50

నిమ్మకాయ పిండినా సామీ. సోడా కొట్టినట్టు పొంగింది. మా ఇంట్లో వాళ్లు పిచ్చిపట్టిందా అన్నారు 😂

డాలస్_దొండపాదు
సెప్టెంబర్ 11, ఉదయం 6:20

మాస్టారు గారూ, ఇక్కడ టెక్సాస్ లో నాకూ మూడు ఫిగ్ చెట్లున్నాయి, పెరట్లో నేలలోనే. రెండు బాగున్నాయి. మూడోది ఆన్‌లైన్ లో ఒకాయన దగ్గర కటింగ్ కొని పెంచింది, దానికి ఆకులు విచిత్రంగా వస్తున్నాయి, ఒకాకు మామూలుగా, పక్కాకు మీద లేత పసుపు పెచ్చులు, ఈనెతో సంబంధం లేకుండా మ్యాప్ గీసినట్టు, పెచ్చు అంచున తుప్పు రంగు గీత. కొన్ని ఆకులు ఒక పక్క ముడుచుకుపోయి వంకరగా. అడుగున పొడి లేదు, తుడిచి చూశా. ఐరన్ వేశా, మెగ్నీషియం వేశా, కంపోస్టు వేశా. కొత్త ఆకు కొన్నిసార్లు బాగానే వస్తుంది, అమ్మయ్య అనుకునేలోపు ఇంకోటి అలాగే. ఈ డిసెంబర్లో ఇండియా వస్తున్నా, మా తమ్ముడు రెండు కొమ్మలు బ్యాగులో పెట్టుకుని తెమ్మంటున్నాడు, తేవచ్చా?

మట్టిమాస్టారు
సెప్టెంబర్ 11, ఉదయం 7:30

తేవద్దు. మొదట ఆ ముక్క చెప్పి తర్వాత మిగతాది.

మీది మొజాయిక్, వైరస్ తెగులు. లోపమైతే ఆకుకి అటూ ఇటూ సమానంగా ఉంటుంది, ఈనెల లెక్క ప్రకారం పోతుంది, ఒక వరస ఆకులన్నిటికీ ఒకేలా వస్తుంది. వైరస్ కి ఆ లెక్కా పత్రం ఉండదు, మీరన్నట్టు మ్యాప్ గీసినట్టే. కాలిఫోర్నియాలో 1933లోనే కాండిట్, హార్న్ అనే ఇద్దరు దీని గురించి రాశారు గానీ దాని వెనకున్న వైరస్ ని తేల్చింది మాత్రం 2009లో. కంటికి కనపడని ఒక నల్లి మొగ్గల్లో ఉండి అంటిస్తుంది, అంతకన్నా ఎక్కువగా మనుషులే కొమ్మలు పంచుకుని అంటించుకుంటారు. గింజ ద్వారా రాదు. మందు లేదు. చాలా చెట్లు దాంతోనే బతికేసి కాయిస్తాయి, నీళ్లు ఎరువు సరిగ్గా ఉంటే మచ్చలు తగ్గినట్టు కూడా కనపడతాయి, మీకు మధ్యలో బాగైనట్టు అనిపించింది అదే. చెట్టు ఉంచుకుంటారో తీసేస్తారో మీ ఇష్టం, కొమ్మ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఇండియాకి మొక్క, కొమ్మ ఏది తేవాలన్నా 2003 నాటి క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, అక్కడి అధికారుల ఆరోగ్య ధృవపత్రం ఉండాలి. తమ్ముడికి చాక్లెట్లు తెండి.

డాలస్_దొండపాదు
సెప్టెంబర్ 11, ఉదయం 7:44

అయ్యో, కిందటి నెలే ఇక్కడ ముగ్గురు తెలుగువాళ్లకి పంచా కటింగ్స్, పూర్ణాలతో పాటు 😬 ఇప్పుడు ఫోన్లు చెయ్యాలి.

మిద్దెమీద_సిరి
సెప్టెంబర్ 14, సాయంత్రం 6:10

నేను ఘోరం చేశాను. మాస్టారు చెప్పినట్టు ఆకులన్నీ ఏరేశా, రెండు పెద్ద కవర్లు అయ్యాయి. కాపర్ మందు మా దగ్గర దొరకలేదు, షాపులో నీటిలో కరిగే గంధకం ఇచ్చి తుప్పుకి ఇదీ పని చేస్తుందన్నారు. శుక్రవారం ఎవరో వేప నూనె మంచిదన్నారని అది కొట్టా, శనివారం గంధకం కొట్టా, రెండూ మంచివే కదా అని. నిన్నా ఇవాళా వాన లేదు ఎండ ఎర్రగా కాసింది. ఇప్పుడు డ్రమ్ము మొక్క కొసన మిగిలిన మంచి ఆకులే అంచులు కాఫీ పొడి రంగులో మాడి పెళుసుగా అయిపోయాయి. ఏడుపొస్తోంది.

మట్టిమాస్టారు
సెప్టెంబర్ 14, సాయంత్రం 6:55

గంధకం తుప్పుకి పనికొస్తుంది, షాపతను చెప్పింది తప్పు కాదు. కానీ నూనె కొట్టాక కనీసం రెండు మూడు వారాలు గంధకం జోలికి పోకూడదు, రెండూ కలిస్తే ఆకు కాలుతుంది. ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం ఒక్కటే కూడా మాడుస్తుంది. ఈ ముక్క ముందే చెప్పాల్సింది నేను, చెప్పలేదు. కంగారు పడకండి, ఇది తెగులు కాదు, పాకదు. అంజీర మొండిది, ఆకంతా పోయినా కణుపుల దగ్గర మళ్లీ వేస్తుంది. ఇప్పుడు రెండు వారాలు ఏమీ చెయ్యకుండా ఉండడమే వైద్యం.

విశాఖ_పెరడు
సెప్టెంబర్ 14, రాత్రి 7:20

ఏమీ చెయ్యకుండా ఉండడం కష్టమే అమ్మా, నాకు తెలుసు. ఆ రెండు వారాలు పైకెళ్లకు 😄 ఇంకో మాట, ఆకులు తుంచేటప్పుడు గ్లౌజులు వేసుకున్నావా? ఆ పాలు చేతికి అంటి ఎండ తగిలితే పొక్కులు లేస్తాయి. మా ఆయన బనీను మీద కత్తిరింపులు చేసి, ముంజేతుల నిండా కాల్చినట్టు మచ్చలు తెచ్చుకున్నారు, నెల పట్టింది పోవడానికి.

మిద్దెమీద_సిరి
సెప్టెంబర్ 14, రాత్రి 7:41

వేసుకోలేదు ఆంటీ, చేతులు దురద ఎందుకా అనుకుంటున్నా. మాస్టారూ మీరడిగినదానికి జవాబు మర్చిపోయా. గ్రోబ్యాగ్ లో అంజీర పెట్టకముందు రెండేళ్లు టమాటా, తర్వాత వంకాయ వేశాం, అదే మట్టి, పైన కాస్త వర్మీకంపోస్ట్ కలిపి పెట్టేశా. వంకాయ చివర్లో సరిగ్గా రాలేదు. ఇంకా, అవును, మధ్యాహ్నం ఆకులు వాలిపోతాయి, మట్టి తడిగా ఉన్నా సరే. సాయంత్రానికి లేస్తాయి. నీళ్లు చాల్లేదనుకుని అందుకే రోజూ పోస్తున్నా.

మట్టిమాస్టారు
సెప్టెంబర్ 15, ఉదయం 5:55

నేను అనుమానపడిందే అయ్యేలా ఉంది. ఆ సంచి ఒక పక్క బ్లేడుతో ఒక జానెడు కోసి మట్టి కొంచెం తప్పించి సన్న వేళ్లు బయటికి తీసి కడిగి ఫోటో పెట్టండి. కడిగి అన్నాను, మట్టితో వద్దు.

మిద్దెమీద_సిరి
సెప్టెంబర్ 15, సాయంత్రం 5:30

ఫోటో పెట్టా. ఇదేంటండి బాబూ, వేరంతా బుడిపెలు! మా అమ్మమ్మ జపమాలలా ఉంది, కొన్ని ఆవగింజంత, కొన్ని బఠాణీ గింజంత, రెండు మూడు కలిసిపోయి అల్లం కొమ్ములా. సన్న పీచు వేళ్లు దాదాపు లేవు. ఇవి శనగ చెట్టుకుండే మంచి బుడిపెల్లాంటివా?

మట్టిమాస్టారు
సెప్టెంబర్ 15, రాత్రి 7:10

కాదు. శనగ, వేరుశనగ బుడిపెలు వేరుకి పక్కన అతికించినట్టుంటాయి, గోటితో గీరితే ఊడొస్తాయి. ఇవి ఊడవు, వేరే ఉబ్బిపోయి ఉంటుంది. వేరుబుడిపె నులిపురుగులు. టమాటా, వంకాయ, బెండ వీటికి ఇష్టమైన ఇళ్లు, మీ వంకాయ చివర్లో దిగజారింది అందుకే. ఆ మట్టిలోనే అంజీర పెట్టారు, అంజీర కూడా వీటికి బాగా లొంగే చెట్టే. వేరు నీళ్లు పీల్చలేక మధ్యాహ్నం వాలిపోతుంది, తిండి అందక ఆకు చిన్నదై పాలిపోతుంది. మీరు పైనుంచి ఎంత ఎరువు వేసినా, నీళ్లు పోసినా గడప దాటి లోపలికి పోదు. ఫోటోలో ఆ రెండు మొక్కల ఆకులు పక్కపక్కన పెడితే నేను కూడా తేడా చెప్పలేకపోయేవాణ్ణి, అందుకే అన్ని ప్రశ్నలు వేశాను.

ఇంత ముదిరాక కుండీలో దీన్ని శుభ్రం చేసే మంచి దారి నాకు తెలీదు. వేపపిండి కిలో దాకా కలిపి, చుట్టూ బంతి వేసి కొన్నాళ్లు లాగొచ్చు, చెట్టు చావదు, బతకదు. నామాట వింటే డిసెంబర్ దాకా ఉంచండి. చలికి ఆకు రాల్చాక పెన్సిల్ మందం కొమ్మలు జానెడు కన్నా కొంచెం పొడుగు, నాలుగైదు కణుపులుండేలా కత్తిరించి కొత్త మట్టిలో కొత్త కుండీలో పెట్టండి. నులిపురుగు వేళ్లలో ఉంటుంది, కొమ్మలో ఉండదు, కాబట్టి కొమ్మ శుభ్రంగానే వస్తుంది. కొమ్మ నేలకి తగిలిన చోట నుంచి మాత్రం కొయ్యకండి, పైనుంచే.

డాలస్_దొండపాదు
సెప్టెంబర్ 15, రాత్రి 9:15

ఆహా, నా చెట్టు కొమ్మ పనికిరాదు, సిరి గారి చెట్టు కొమ్మ పనికొస్తుంది. పైకి చూస్తే నాదే బాగుంది కదా, కాయలు కూడా ఉన్నాయి.

మట్టిమాస్టారు
సెప్టెంబర్ 15, రాత్రి 9:30

అదే తమాషా. మీ జబ్బు రసంలో ఉంది, ఆవిడ జబ్బు మట్టిలో ఉంది.

పాలమూరు_పోరడు
సెప్టెంబర్ 15, రాత్రి 9:48

మరి ఆ సంచిల మట్టి ఏం జెయ్యాలె సార్? ఎరువు కలిపి మళ్ల వాడొచ్చునా, మట్టి కొనుడంటే మూడో అంతస్తు మోసుడు గూడ ఉంటది.

మట్టిమాస్టారు
సెప్టెంబర్ 16, ఉదయం 6:00

పక్క కుండీల్లోకి ఒక్క గుప్పెడు కూడా పోకూడదు, ఆ పారతో వేరే మట్టి తవ్వకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఆ మట్టిని మిద్దె మీద పల్చగా పరిచి తడిపి పారదర్శకంగా ఉండే పాలిథిన్ షీటు కప్పి అంచులు ఇటుకలతో బిగించి ఐదారు వారాలు వదిలెయ్యండి, మన ఎండకి చాలావరకు చస్తాయి. ఆ తర్వాత ఆకుకూరలకి కాదు, బంతికి వాడండి.

అడ్మిన్
సెప్టెంబర్ 16, ఉదయం 10:20

మధ్యలో ఒక మెంబర్ నర్సరీ పేరు పెట్టి తిట్టిన పోస్టు తీసేశాం. పేర్లు పెట్టకుండా అనుభవం రాయండి. మొక్క కొనేటప్పుడు ఆకు మీద పసుపు పెచ్చులున్నాయా, కవర్ అడుగున వేళ్లు బుడిపెలుగా ఉన్నాయా చూసి కొనుక్కుంటే గొడవే ఉండదు.

రాయదుర్గం_తోట
సెప్టెంబర్ 19, ఉదయం 7:05

మాస్టారూ నమస్కారం. ఒక చెట్టుకి కొట్టమంటిరి, నేను నాలుగు చెట్లకి కొట్టినా, చెయ్యి ఆగల్యా. ఈ పొద్దు చూస్తే కొసాకు మీద చుక్క యాడ పడిందో ఆడ మటుకే పచ్చగా అయింది, మిగతాది పసుపే, ఆకంతా చింతపండు పులుసు చిలికినట్టు పచ్చ చుక్కలు. నా భార్యని పిలిచి చూపించినా, ఇదే వైరస్సా ఇదే నాలుగు వేలా అనింది. తోటంతా కొట్టమంటారా? నేలకి ఏమన్నా వెయ్యాల్నా?

మట్టిమాస్టారు
సెప్టెంబర్ 19, ఉదయం 7:40

అన్నభేది ఆకులో ఒక చోట నుంచి ఇంకో చోటికి పోదు, అందుకే చుక్క పడిన చోటే పచ్చ. ఇంతకన్నా మంచి రుజువు లేదు. ఆ తూర్పు ముక్క వరకే వారానికోసారి మూడు నాలుగు సార్లు బాగా తడిసేలా కొట్టండి, ఎండలో వద్దు. నేలకి అన్నభేది ఉత్తినే వేస్తే సున్నం మళ్లీ కట్టేస్తుంది, డబ్బులు దండగ. డ్రిప్పులో ఇవ్వాలంటే ఈడీడీహెచ్ఏ అని ఉన్న ఇనుప చీలేటు (ఇనుముని సున్నం కట్టెయ్యకుండా కాపాడే రూపం) అడగండి, ఈడీటీఏ రకం మీ నేలలో నిలవదు. ఖరీదెక్కువ, అందుకే తెల్లబడిన చెట్ల మొదట్లకే. పశువుల ఎరువు బాగా వెయ్యండి, డ్రిప్పు ఎక్కువసేపు వదలకండి, తడి ఎక్కువై ఊపిరాడకపోయినా ఇనుము అందదు.

మిద్దెమీద_సిరి
డిసెంబర్ 21, మధ్యాహ్నం 12:15

చాన్నాళ్లకి. డ్రమ్ము మొక్క అక్టోబర్లో కొత్తాకులు వేసింది, కాపర్ తెప్పించి రెండుసార్లు కొట్టా అడుగునుంచే, మెడ పట్టేసింది పైకి చూసి చూసి. పది కాయలొచ్చాయి. మళ్లీ ఇప్పుడు వారం నుంచి ఆకులన్నీ పసుపు, రోజూ రాలుతున్నాయి, గుండె ఆగినంత పనైంది. రుమాలు తీసుకెళ్లి తుడిస్తే ఏం రాలేదు. వేళ్లు కూడా చూశా, తెల్లగా ఉన్నాయి. ఈనెలూ చూశా. ఇంకేం చూడాలి?

విశాఖ_పెరడు
డిసెంబర్ 21, మధ్యాహ్నం 12:40

క్యాలెండర్ చూడు 😄

మట్టిమాస్టారు
డిసెంబర్ 21, మధ్యాహ్నం 1:10

విశాఖ వారు చెప్పేశారు. అంజీర శీతాకాలం ఆకు రాల్చే చెట్టు. మచ్చ లేకుండా, ముడత లేకుండా, అడుగు నుంచి పైకి నిమ్మరంగులోకి తిరిగి తొడిమతో సహా రాలుతుంటే రాలనివ్వండి. నీళ్లు తగ్గించండి. ఇదే అదను, గ్రోబ్యాగ్ మొక్క నుంచి కొమ్మలు తీసుకోండి, పాలు కారడం ఆగేదాకా నీడన పెట్టి అప్పుడు నాటండి. గ్లౌజులు.

మిద్దెమీద_సిరి
ఫిబ్రవరి 17, సాయంత్రం 6:30

ఐదు కొమ్మలు పెట్టా, ఒకటి కుళ్లింది, ఒకటి ఎండింది, మూడు చిగురేశాయి. గ్రోబ్యాగ్ మొక్క తీసి పారేశాం, వేరు దుంప పట్టుకుని మా బాబు స్కూలుకి తీసుకెళ్తా టీచర్ కి చూపిస్తా అని ఒకటే గోల, కవర్లో కట్టి ఇచ్చా, మట్టి అంటకుండా కడిగే ఇచ్చా మాస్టారూ. మట్టి రెండు బస్తాల్లో మూతి కట్టి మూలన పెట్టా, ఏప్రిల్ కోసం. మూడు మొక్కల్లో నాకు ఒకటి చాలు, రెండు ఎవరికైనా కావాలా?

పాలమూరు_పోరడు
ఫిబ్రవరి 17, సాయంత్రం 6:33

నాకు అక్కా నాకు. ఆదివారం మియాపూర్ మెట్రో కాడికి వస్త. కొత్త కుండీ, కొత్త మట్టి రెడీ పెట్టిన, టమాటా కుండీ గాదు, ఒట్టు.

డాలస్_దొండపాదు
ఫిబ్రవరి 17, రాత్రి 8:02

రెండోది మా తమ్ముడికి ఇవ్వగలరా సిరి గారూ, వాడూ కూకట్‌పల్లిలోనే. నేను తెచ్చిన చాక్లెట్లు అయిపోయాయట, కొమ్మ ఏదీ అని ఇంకా అడుగుతూనే ఉన్నాడు.